తాడు కట్టకుండా నందిగామ దాకా

పన్నెండేళ్లు కదలకుండా పడున్న మా అక్క అంబాసిడర్‌ని మళ్లీ నడిపించడానికి నలభై రోజులు పట్టింది. అందులో ముప్పై రోజులు పూర్తిగా నా తెలివి వల్లే పోయాయి. ఆ సంగతి అక్క ముందు ఒప్పుకోవడానికి ఇంకో వారం పైనే పట్టింది.

అక్క చందర్లపాడు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, తనకి ఇరవై రెండు. నన్ను పెంచింది, చదివించింది, బళ్లో మాస్టారుగా చేరేదాకా నా చొక్కాలకి ఊడిన గుండీలు కూడా తనే కుట్టింది. ఎవరైనా పెళ్లి ఊసెత్తితే "ముందు వీణ్ణి ఒక దారిన పడనీయండి" అనేది. నేను దారిన పడేసరికి తనకి ఆ ఊసు మీద ఆసక్తి పోయింది. కారు మాత్రం కొనుక్కుంది. సెకండ్ హ్యాండుది, తెల్లది. ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చే రోజులు కావవి. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా ఆ వెనక సీట్లో పడుకోబెట్టుకుని నందిగామ పెద్దాసుపత్రికి తీసుకొచ్చేది. నడిపేది తనే. డిక్కీలో ఎప్పుడూ ఒక నీళ్ల డబ్బా, ఒక పాత చీర ముక్క ఉండేవి. ఎండల్లో ఇంజను వేడెక్కి, దానికి పెట్రోలు అందించే పంపు మొరాయిస్తే ఆ గుడ్డ తడిపి పంపు మీద వేసి, పది నిమిషాలాగి, మళ్లీ స్టార్ట్ చేసేది. ఏనాడూ బండిని తాడు కట్టి లాగించలేదని చెప్పుకోవడం తనకి మహా గొప్ప.

రిటైరయ్యాక మోకాళ్లకి ఆపరేషన్ అయింది. అప్పట్లో నందిగామలో తనున్న అద్దె ఇంటికి కారు నిలిపే చోటు లేదు. అందుకని జగ్గయ్యపేట తెచ్చి, మా ఇంటి వెనక సిమెంటు కొట్టు వాళ్ల రేకుల షెడ్డులో పెట్టాను. నెలకోసారి స్టార్ట్ చేస్తానని మాటిచ్చాను. రెండు నెలలు చేశాను కూడా. తరవాత బ్యాటరీ పోయింది. కొత్తది వేయించాలి అనుకుంటూ అనుకుంటూ పన్నెండేళ్లు వెళ్లదీశాను. అక్క ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి, అడక్కపోవడం వల్లే కష్టమైంది.

ఈ ఏడాది మొదట్లో కొట్టు వాళ్లు ఆ షెడ్డు పడగొట్టి గోడౌను కడతామన్నారు. మార్చి చివరికల్లా కారు తీసెయ్యాలి. అక్కకి ఫోన్ చేశాను.

"ఇప్పుడు గేటున్న ఇల్లేగా నాది. దానంతట అది నడిచొస్తే తీసుకురా" అంది. "తాడు కట్టి లాక్కొచ్చేటట్టయితే మాత్రం నా గుమ్మం ముందుకి తేవద్దు. పాత ఇనుము వాళ్లకిచ్చెయ్."

గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేసే ముందు, "అయినా ఒకసారి చూడరా" అంది. నాకు ఇంత చేసిన మనిషి నన్ను అడిగింది ఈ ఒక్కటే. ఎలాగైనా సరే ఆ కారు దాని కాళ్ల మీద అది నందిగామ చేరాల్సిందే అనుకున్నాను.

నందిగామలో ఆ కారుని మొదటినుంచీ బాగుచేసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరూ మేస్త్రీ గారంటారు. వయసు మీద పడి షెడ్డు మూసేశాడు. కళ్లజోడు లేకపోతే స్పానరు మీద నంబరు కనపడదు. నర్సమ్మగారి బండి అనగానే మర్నాడు పొద్దున్నే స్పానర్ల సంచీ భుజానేసుకుని బస్సు దిగాడు.

కారు మీద సిమెంటు దుమ్ము వేలు మందాన పేరుకుంది. నేను ఉత్సాహం ఆపుకోలేక బకెట్టు నీళ్లు ఎత్తబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాస్టారూ, నీళ్లు పోస్తే ఆ సిమెంటు గోడవుద్దండి. పొడిగుడ్డ తెండి."

సిమెంటు ఫ్యాక్టరీల ఊరు మా పేటలో పుట్టిన ఎవరికైనా తెలియాల్సిన సంగతి అది. సిగ్గుపడి గుడ్డ తెచ్చాను.

పదిరోజులు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. ట్యాంకులో పెట్రోలు చిక్కబడి బంకలా అయితే దింపి కడిగాడు. పట్టేసిన ఇంజన్లో నూనె పోసి నానబెట్టి, మెల్లగా చేత్తో తిప్పి వదులు చేశాడు. బ్రేకు రబ్బర్లు, టైర్లు విజయవాడ నుంచి నేను తెచ్చాను. పదో రోజున ఇంజను పలికింది. నా కళ్లు చెమర్చాయి. జేబురుమాలు తీసేలోపు ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ పలికి, నాలుగు క్షణాలు ఆడి, మళ్లీ ఆగింది. అలా నెల రోజులు. కార్బురేటరు మూడుసార్లు విప్పాడు. ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు, పంపు మార్చాడు. రోజూ బస్సులో రావడం, పోవడం. అవతల కొట్టు వాళ్లు షెడ్డు పైరేకులు విప్పడం మొదలుపెట్టారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఒకరోజు నోరు జారాను.

"చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చుగా మేస్త్రీ గారూ! కళ్లు కనపడని మనిషికి అప్పజెప్పడం నాదే బుద్ధితక్కువ."

ఆయన చేతిలో స్పానరు తుడిచి కింద పెట్టాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు: "మా పెద్దమ్మాయి ఈ వెనక సీట్లోనే పుట్టిందండి. చందర్లపాడు దాటి రెండు మైళ్లు కూడా రాలేదు, నర్సమ్మగారు బండి పక్కకి తీసి పురుడు పోశారు. ఈ బండి నాకు చేతకాదని చెప్పి ఎట్టా పోతానండి?"

నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. పారిపోలేదు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారో చెప్పండి" అన్నాను.

ఆయనకో పద్ధతి ఉంది. ఇంజను ఆడుతుంటే వెనక్కెళ్లి, సైలెన్సరు గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, పొగ తగిలే తీరుని బట్టి జబ్బు చెబుతాడు. ఈ ఇంజనేమో ఆయన సీట్లోంచి దిగి వెనక్కి నడిచేలోపే ఆగిపోతోంది. ఇన్నాళ్లూ నన్ను సాయమడగడానికి మొహమాటపడ్డాడు. ఇప్పుడు నన్ను బండి వెనక కూర్చోబెట్టి, గొట్టానికి అరచెయ్యి పెట్టమని, తను ముందు స్టార్ట్ చేశాడు.

"ఎట్టా తగులుతుందండీ?"

"ఏమీ తగలట్లేదండి. అసలు గాలే రావట్లేదు."

ఆయన దిగి వచ్చి ఒక ఇనపచువ్వ గొట్టంలోకి తోశాడు. జానెడు లోపల టక్కున రాయికి తగిలినట్టు చప్పుడైంది. ఆ చప్పుడుతో నాకు అంతా గుర్తొచ్చింది.

మా పేటలో కన్నం ఎక్కడ కనపడినా ఖాళీ సిమెంటు సంచి ముక్క కుక్కుతారు. కిటికీ అద్దం పగిలినా అదే, తూము పగిలినా అదే. పన్నెండేళ్ల క్రితం, బ్యాటరీ పోయాక, ఎలుకలు దూరతాయని ఆ గొట్టంలో సంచి ముక్క కుక్కింది నేనే. కుక్కలు పీకెయ్యకుండా కర్రతో లోపలికంటా దట్టించాను కూడా. సంచి మడతల్లో మిగిలిన సిమెంటు, పన్నెండు వానాకాలాల చెమ్మకి గట్టిపడి బిరడా అయింది. ఊపిరి వదలడానికి దారి లేక ఇంజను ఆగిపోతుంటే, నేను మేస్త్రీ మీద అరిచాను.

ఆయన రెండు చేతులూ పట్టుకుని జరిగింది చెప్పాను. క్షమించమన్నాను. ఆయన నవ్వేశాడు. "పేటోళ్లు గదండీ, అంతే మీరు" అన్నాడు. వేరే సైలెన్సరు వేసిన రోజున ఇంజను అరగంట ఆగకుండా ఆడింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి సరే అన్నాక, కాగితాలన్నీ సరిచేయించుకుని, షెడ్డు పూర్తిగా కూలకముందే బయల్దేరాము. నేను నడుపుతున్నాను, పక్కన మేస్త్రీ.

చిల్లకల్లు టోల్‌గేటు దాటాం. సిమెంటు లారీల వాళ్లు హారన్ కొట్టి చేతులూపారు. ఎండ చురుక్కుమంటోంది. నందిగామలో అక్క వాళ్ల సందులోకి తిరిగాం. గేటు బార్లా తీసి, చేతికర్రతో అక్క నిలబడి ఉంది. గేటు ఇంకో ఇరవై అడుగులుందనగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చెయ్యబోయాను. కాలేదు. మేస్త్రీ వైపు చూస్తే ఆయన దిగి, చేతులు వెనక్కి కట్టుకుని గోడ నీడన నిలబడ్డాడు. చెయ్యడం తెలీక కాదు, అక్కకి వదిలేశాడు.

అక్క కర్ర టకటకలాడిస్తూ వచ్చింది. బానెట్ తియ్యమంది. లోపలికి తొంగిచూసి, భుజం మీద తువ్వాలు నా చేతికిచ్చి "తడిపి తీసుకురా" అంది. తెచ్చాను. దాన్ని పంపు మీద పరిచి, ఒక చెయ్యి కారు మీద ఆనించి నిలబడింది. ఆ పది నిమిషాల్లో నేను నోరు విప్పాను.

"అక్కా, నెలకోసారి తియ్యలేదు. పైగా సైలెన్సర్లో సిమెంటు సంచి కుక్కింది నేనే."

"తెలుసు. మేస్త్రీ గారు మొన్నే ఫోన్లో చెప్పారు. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

తువ్వాలు తీసి, బానెట్ దించి, కర్ర నాకిచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ఒక్క కొట్టుకే ఇంజను అందుకుంది.

"ఎక్కు" అంది.

"ఇరవై అడుగులేగా, నడిచొస్తాలే."

"ఎక్కమన్నానా!"

వెనక సీట్లో కూర్చున్నాను. గేరు వేసే ముందు అక్క మెడ తిప్పి నా వైపు చూసింది. "సర్దుకుని కూర్చున్నావా?" అని అడిగింది. ఆ సీట్లో నొప్పులు పడుతున్న ఎంతమందిని ఆ మాట అడిగిందో. నేను జవాబు చెప్పేదాకా బండి కదిలించదని తెలుసు.

"కూర్చున్నానక్కా, పోనీ" అన్నాను.