కొట్టివేసిన పేరు

పొద్దున్నే చర్చి గంట కొట్టడానికి బయల్దేరే ముందు కృపావరం తన కుక్క జూలీ చెవులు తడిగుడ్డతో తుడుస్తాడు. టెక్కలి డాక్టరుగారు బదిలీ మీద వెళ్తూ ఆ లాబ్రడార్‌ని, మూడు తరాల పేర్లున్న దాని జాతి కాగితాన్ని ఇతని చేతిలో పెట్టారు. కోటబొమ్మాళి చర్చి రిజిస్టరులో, బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పాత పేరు కొట్టి కొత్త పేరు గుండ్రటి అక్షరాలతో రాసింది ముప్పై ఏళ్లు కృపావరమే. ఆ అక్షరాలతోనే కుక్క కాగితం మీది పొడుగాటి ఇంగ్లీషు పేరు కొట్టేసి, జూలీ అని రాశాడు.

కాగితమున్న మగ లాబ్రడార్‌తో జత కట్టిస్తే జూలీకి నాలుగు పిల్లలు పుట్టాయి. వాటిని తీసుకెళ్తానన్న విశాఖ ఆయన కాగితం చూసి వెనక్కి ఇచ్చేశాడు. "కొట్టివేత ఉంటే కుక్కల క్లబ్బువాళ్లు పిల్లల్ని నమోదు చెయ్యరండి. నమోదు కాకపోతే జాతికుక్కలు కావు."

"పేరే గదా బాబూ మార్సినాను! తల్లి ముకం సూడండి."

"ముఖం చూసి రాయరు. కాగితం డాక్టరుగారి పేరు మీదుంది, కొత్తది ఆయనే అడగాలి."

డాక్టరుగారి ఫోను నంబరు ఎప్పుడో మారిపోయింది. "కుక్కకి కూడా బాప్తిస్మం ఇచ్చీసినావు గదా మావా," అని భార్య దయామణి నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. ఇళ్లలో, ఫ్యాన్ల కింద పెరుగుతాయనుకున్న పిల్లల్ని తోటలవాళ్లు జీడితోటల కాపలాకి పట్టుకుపోయారు. వాటిలో రెండు కట్టేసిన గొలుసుతోనే చచ్చిపోయాయి.

ఇంక ఎవరి పేరూ కొట్టనని అతను రిజిస్టరు ఇచ్చేశాడు. ఇప్పుడు దాన్ని పాస్టరుగారి కూతురు జెన్నిఫర్ రాస్తోంది. కృపావరం గంట మాత్రం కొడతాడు.