బొమ్మ కింద రాసిన మాట

నా చిన్నప్పటి కోపం ఒకటి ఇంతవరకు చల్లారలేదు. వయసు మీదపడ్డంక మనిషి మెత్తబడ్తడంటరు. నేనైతే మెత్తబడలేదు.

అప్పుడు మేము బల్కంపేటల ఒక వాటాల కిరాయికి ఉంటుంటిమి. పక్క వాటాల ఒక అక్క, వాళ్లమ్మ. అక్క అమీర్‌పేటల దర్జీ దుకాణంల జాకెట్లు కుట్టేది, ఆదివారం చర్చికి పోయేది, పొద్దున నాకు జడలేసేది. వాళ్లమ్మకు దమ్ము రోగం. మందులకు కుట్టుపని సాలక, ఎర్రమంజిల్ల బొమ్మలు గీసే ఒక సారు ఇంట్ల బొమ్మకు కూసునుడు మొదలువెట్టింది. ఒక్కతే పోతే నలుగురు నాలుగు మాటలంటరని నన్ను తోడు తోల్కపోయేది.

అందుకే చెప్తున్న, నేను కండ్లార చూసిన. తక్తు బల్ల మీద గుండ్రటి దిండుకు ఆనుకొని, ఒక మోచేయి మీద బరువంత ఏసి, పక్కకు ఒరిగి ఉండాలె. కదలద్దు. చూసేటోళ్లకు అది సుఖమనిపిస్తది. జరసేపటికే చెయ్యి మొద్దుబారేది, మెడ పట్టేసేది, కాలి మీద ఈగ వాలినా తోలరాదు. ఒంటి మీద రోజూ కట్టే నూలు చీరనే. ఇంటికొచ్చినంక మా అమ్మ ఆమె భుజానికి ఉప్పు మూటతోని కాపడం పెట్టేది. మిషన్ తొక్కుడు ఎట్లనో ఇదీ అట్లనే, కూలి పని.

కొన్నాళ్లకు ఆ సారు బొమ్మలు పంజాగుట్టల ఒక హాలుల పెట్టిండ్రు. ఇంగ్లీషు పేపర్ల అక్క బొమ్మ సుత పడ్డది, కింద 'ఓడలిస్క్' అని. మా గల్లీల ఎవలకూ ఆ మాట తెల్వదు. ఓనరమ్మ కొడుకు ఎవరినో అడిగొచ్చి, సుల్తాన్లు ఉంచుకున్న ఆడదాన్ని అట్లంటరని చెప్పిండు. ఇగ చూడు. నిన్నటిదాక ఆమెతోని జాకెట్లు కుట్టిచ్చుకున్నోళ్లే నల్లా కాడ బిందెలు పక్కకు జరుపుకున్నరు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమని ఓనరమ్మ కబురు పంపింది. రోగమున్న తల్లిని పట్టుకొని యాడికి పోవాలె?

మా మేనత్త ఇంగ్లీషు పంతులమ్మ, మాతోనే ఉండేది. బడిల నుంచి లావు డిక్షనరీ మోసుకొచ్చి ఆ మాట వెతికింది. అది టర్కీ దేశపు మాట నుంచి పుట్టింది. గదిల పని చేసే మనిషి అని దాని అర్థం. సుల్తాన్ల జనానాల ఊడ్చి తుడిచి, రాణులకు చాకిరి చేసే బానిస పిల్ల. తర్వాత యూరపు చిత్రకారులు, ఆ జనానా గడప సుత తొక్కనోళ్లు, ఆ పిల్లను పరుపు మీద ఒరగబెట్టి, బట్టలిప్పి, అదే పేరు పెట్టి గీసిండ్రు. అట్లట్ల ఒరిగి ఉన్న ఏ ఆడదాని బొమ్మకైనా అదే మాట అయ్యింది. మా అత్త పుస్తకం టప్పుమని మూసింది. చాకిరి చేసేదాని చేతిల చీపురు గుంజుకొని కులుకులాడి అని పేరు పెట్టిండ్రు సచ్చినోళ్లు, అన్నది. ఆమె నోట తిట్టు వినుడు నాకదే మొదలు.

అక్క ఏడుస్తదనుకున్న. ఏడ్వలేదు. తెల్లారి, ఆదివారం కాకున్నా చర్చికి కట్టే చీర కట్టుకొని, మా అత్తను, నన్ను ఎంటవెట్టుకొని హాలుకు పోయింది. సారును పక్కకు పిలిచి, బొమ్మ కింద అతికిచ్చిన చీటీ మీద ఆ మాట తీసేసి తన పేరు రాయమని మర్యాదగనే అడిగింది. ఆయన నవ్విండు. నీ పేరు ఎవరికి తెలుసమ్మా, ఆ మాటకైతే కళల పెద్ద విలువ ఉంది, నీకు అర్థం కాదులే అన్నడు.

అప్పుడు ఆమె చేసిన పని నేను సచ్చేదాక మరువ. పోయి బొమ్మ పక్కన నిలవడ్డది. చూడొచ్చిన ప్రతి మనిషికి దండం పెట్టి ఒకటే మాట చెప్పింది.

"ఈ బొమ్మల ఉన్నది నేనే. నా పేరు సుగుణ. బట్టలు కుడ్త. కూలికి కూసున్న. కింద రాసింది నా పేరు గాదు."

అరవలేదు. కోట్లేసుకున్న పెద్దమనుషులు కండ్లు యాడ పెట్టుకోవాల్నో తెల్వక నేల చూసిండ్రు. ఆమెను బయటికి పంపమని సారు వాచ్‌మన్‌ను పిలిచిండు. వాచ్‌మన్ దగ్గరిదాక వచ్చి, ఆమె చెప్పేది విని, తల వంచుకొని ఎనుకకు పోయిండు. పొద్దుగూకేదాక ఆమె అట్లనే నిలవడ్డది. ఆఖరికి సారే వచ్చి ఆ చీటీ పీకి జేబుల పెట్టుకున్నడు. ఆమె పేరు మాత్రం రాయలేదు.

ఈ ముచ్చటల మిగిలినోళ్ల పేర్లు నాకు తెలుసు, చెప్ప. ఆమె పేరు చెప్పకుంటే మాత్రం నేనూ ఆ సారూ ఒక్కటే.

ఓనరమ్మ మనసు మారిందా అంటే, మారలేదు. నెలాఖరుకు సుగుణక్క తల్లిని రిక్షాల ఎక్కించుకొని, కుట్టుమిషన్ కాళ్ల కాడ పెట్టుకొని పోయింది. మా ఇంటోళ్లు తప్ప గల్లీల ఒక్కలు సామాను మీద చెయ్యి వెయ్యలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతది.

ఆ పొద్దు సంది ఒరిగిన ఆడదాని బొమ్మ యాడ కనిపించినా, బంగారం దుకాణంలైనా, హోటల్ గోడ మీదైనా, ఆమె పేరేందని అడుగుత. నవ్వుతరు. నవ్వనీ. మొన్న బొమ్మల కాలేజీల చదివే నా మనుమరాలు ఫోనుల ఒకటి చూపెట్టి, ఈ ఓడలిస్క్ ఎంత బాగుందో చూడు అమ్మమ్మా అన్నది. బాగనే ఉంది, ఆ పిల్ల పేరేంది అన్న. పాపం, చాలాసేపు వెతికింది. గీసినోని పేరు దొరికింది. కొన్నోని పేరు దొరికింది. ఇప్పుడు ఏ ఊర్ల ఏ గోడకు వేలాడుతున్నదో సుత దొరికింది. ఇగ చాలు అమ్మమ్మా, ఆమె పేరు ఎవ్వరూ రాయలేదు అన్నది.

"ఇంకా వెతుకు" అన్న.