నాన్న ఉండగానే తీసిన మీసం

ఇప్పుడు కొత్తగూడ చౌరస్తాలో నిలబడి ఎటు చూసినా మీసం లేని కుర్రాళ్లే. మెడలో ఆఫీసు కార్డు, నున్నటి పెదవి. వాళ్లను చూసి ఎవరూ కంగారు పడరు. ఆ రోజుల్లో కొత్తగూడ అంటే కొన్ని పెంకుటిళ్లు, జొన్నచేలు, చుట్టూ బండలు. మగవాడు మీసం తీశాడంటే ఊరికి ఒకటే అర్థం, తండ్రి పోయాడని. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ మరిచిపోయాను. నటుడు కావాలన్న పిచ్చి అలాంటిది.

నవాబుల సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చిన కొత్త. నాకు పద్దెనిమిదేళ్లు. నాన్న బండలు పగలగొట్టేవాడు. ఆ చేతికి ఎదురుచెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. "నాటకాలోళ్ల ఎంట తిరిగినవంటె ఇంట్ల అడుగు పెట్టకు" అని ఒక్కసారే అన్నాడు. ఆయన ఏ మాటైనా ఒక్కసారే అంటాడు. నేను పట్నంలో బట్టల దుకాణంలో కుదిరానని ఇంట్లో చెప్పి, నాటక కంపెనీలో తెర లాగే పనికి కుదిరాను. (తెర కూడా బట్టే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.) ఇంతలో నాన్న మణికొండలో బావిపనికి వెళ్లాడు, తూటాలు పెట్టి బండ పేల్చే పని. అదే సమయంలో మా కంపెనీలో రాణివేషం కట్టే ఆయన జ్వరంతో దవాఖానలో పడ్డాడు. మేనేజరుది కృష్ణా ఒడ్డున ఊరు. నన్ను ఎగాదిగా చూసి, "పద్యాలన్నీ నీకు నోటికొచ్చుగా అబ్బాయ్. రాణివి నువ్వే. ఆ మీసం తీసెయ్" అన్నాడు. అప్పుడే మెలి తిరుగుతున్న మీసం, నాన్న దగ్గర కూర్చుని ఆముదం రాయించుకున్న మీసం. మంగలి రెండుసార్లు అడిగాడు, తీయనా అని. కానియ్ అన్నాను.

మీసం పోయింది కానీ ఏడుపు రాలేదు. యుద్ధంలో రాజు కూలాడని భటుడు వచ్చి చెప్పగానే రాణి గుండెలు బాదుకుంటూ పద్యం ఎత్తుకోవాలి. నేను ఎత్తుకుంటే తోటి నటులు నవ్వారు. "ఏడవమంటే పంటినొప్పి వచ్చినట్టు మూలుగుతావేంటయ్యా? ఆదివారం పగటాటకు ఏడుపు రాకపోతే మళ్లీ తెర లాక్కుందువుగాని" అన్నాడు మేనేజరు. మూడు రోజులే ఉంది. నాన్న మణికొండ నుంచి వచ్చేలోగా అమ్మకు నిజం చెప్పి మంచి చేసుకుందామని, ఎండకు తలకు రుమాలు చుట్టుకుని ఊరికి బయల్దేరాను.

ఊరి మొదట్లో పెద్దమ్మ, అంటే నాన్న వదిన, కట్టెలమోపుతో ఎదురైంది. నా మొహం చూసింది. మోపు కింద పడేసింది. "ఓ మరిదీ, ఎంత పని చేస్తివయ్యా" అని శోకాలు మొదలుపెట్టింది. నేనేమో నా మీసం అందం పోయినందుకు ఏడుస్తోందనుకున్నాను. (అంత గొప్ప మీసమని నా నమ్మకం.) "ఊకో పెద్దమ్మా, మల్ల మొలుస్తది తియ్యి" అన్నాను. ఆమె ఏడుపు ఆపి, పరుగెత్తుకొచ్చిన వాళ్లతో, "చూడుండ్రి, తండ్రి పోయిన దుఃఖానికి పిలగానికి మతి తప్పింది" అని మళ్లీ అందుకుంది. అప్పుడు చెయ్యి పెదవి మీదికి పోయింది. నున్నటి పెదవి, తలకు రుమాలు. దాని కింద గుండే ఉందనుకున్నారు అందరూ.

నోరు విప్పేలోగా అమ్మ వచ్చింది, చేతులకు జొన్నపిండితో. ఏడవలేదు. నా పెదవి వంక చూసి, ఉన్నచోటే కూర్చుండిపోయింది. చాలా చిన్నగా అడిగింది.

"తిన్నంకనా బిడ్డా, తినకముందా?"

నాన్న ఆఖరి బువ్వ తిని పోయాడా, ఆకలితోనా అని. ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. "నాయినకేం గాలేదమ్మా. నాటకం కొరకు తీసిన" అన్నాను. అమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక పిండిచేత్తోనే చెంప మీద ఒకటి కొట్టి, అప్పుడు ఏడ్చింది. పెద్దమ్మ మాత్రం, "గింతసేపు ఉత్తగనే ఏడ్పిస్తివి కదరా" అని విసుక్కుంటూ మోపు ఎత్తుకుంది.

తన చావు కబురు ఏ బండివాడి నోటనో విని, పొద్దు గూకేసరికి నాన్నే వచ్చాడు. నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. దెబ్బలకు సిద్ధపడ్డాను. "ఆట ఎప్పుడు?" అన్నాడు. ఐతారం అన్నాను. "వస్త. ఊరందర్ని ఏడ్పిచ్చినవ్ గద. గాడ గూడ ఏడ్పించకుంటె మల్ల ఇంటికి రాకు."

ఆదివారం ముందు వరసలో కూర్చున్నాడు. భటుడు వచ్చి రాజు కూలాడన్నాడు. నేను గుండెలు బాదుకోబోయి, ఎదురుగా నాన్నను, ఆయన తెల్లమీసాన్ని చూశాను. రంగస్థలం మీద చతికిలబడి, "తిన్నంకనా, తినకముందా?" అన్నాను. తెర వెనక నుంచి పద్యం అందిస్తున్నారు, నాకు వినబడలేదు. భటుడికి ఆ ప్రశ్నకు జవాబు రాసిపెట్టి లేదు. పాపం, బిక్కచచ్చి నిలబడి, చివరికి "తినకముందే తల్లీ" అన్నాడు. ఇక ఏడుపు నా చేతుల్లో లేదు. పద్యం మొత్తం పోయినందుకు మేనేజరు తల పట్టుకున్నాడట. జనం మాత్రం కళ్లు తుడుచుకుంటూ లేచారు.

"గా మాట మీ అమ్మది" అన్నాడు నాన్న బయట. ఆమె ఎప్పుడన్నదో చెప్పాను. ముందు నడిచి, ఊరు కనబడేచోట ఆగాడు. అప్పుడు, "ఇగ మీసం పెంచకు. నీ పనికి అడ్డమొస్తది" అన్నాడు.

తర్వాత సినిమాలొచ్చాయి. అక్కడ నాకు దొరికినవన్నీ మీసమున్న వేషాలే, పెట్టుడువి కాదు, పెంచినవి. ఒక సినిమా సగంలో ఉండగా నాన్న పోయాడు. ఇంకా రెండు సీన్లున్నాయి, మీసం తీస్తే అతకదు అని నిర్మాత చేతులు పట్టుకున్నాడు. మీసంతోనే ఊరికి వెళ్లాను. మంగలి కత్తి నూరి కూర్చున్నాడు, పెద్దలు గొణుగుతున్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అమ్మ దగ్గరికి పిలిచింది. "ఆయన కొరకు నువ్వు ముందుగాలనే తీసినవ్ గద. ఉండనియ్యి" అంది. నాకు ఒకే ఒక్క మాట వచ్చింది.

"తిన్నంకనా అమ్మా, తినకముందా?"

"తిన్నంకనే బిడ్డా. సల్ల పోస్కోని తిన్నడు."

ఇప్పుడు గచ్చిబౌలి వైపు ఒక టీవీ సీరియల్‌లో తాతను. పొద్దున మీసం అంటిస్తారు, సాయంత్రం పీకుతారు. అద్దంలో నున్నటి పెదవి చూసుకుని నవ్వుకుంటాను. ఎండ ఎంత మండుతున్నా తలకు రుమాలు మాత్రం చుట్టుకోను. దారిలో పెద్దమ్మ ఎదురైతే మళ్లీ మోపు పడేస్తుందని.