సర్వేయరు గారి హాలిడే పాయింట్లు

2009 జూన్ నాటికి గోదావరిఖనిలో నా జాబ్ టైపింగ్ షాపుకు ఇరవై రెండేళ్లు. జాబ్ టైపింగ్ అంటే ఎవరికి కావలసిన కాగితం వాళ్లకు టైపు కొట్టి ఇవ్వడం: అఫిడవిట్లు, ప్రావిడెంట్ ఫండ్ దరఖాస్తులు, సెలవు చీటీలు, కోర్టు కాగితాలు. సాయంత్రాలు టైపు నేర్పేదాన్ని కాబట్టి అందరికీ టీచరమ్మనే. పనిలో నాకు ఒక గర్వం ఉండేది. తప్పు పడితే తెల్ల సిరా పూయను. కాగితం తీసేసి కొత్తది పెట్టి మొదటి నుంచి కొడతాను. ఆ నష్టం నాది, గిరాకీది కాదు.

మా దగ్గర ఎక్కువగా పోయే కాగితం ఒకటుండేది. జనం దాన్ని 'క్వార్టర్ కాయితం' అనేవాళ్లు. గని కార్మికుడికి బొగ్గు కంపెనీ ఇచ్చిన క్వార్టర్, అంటే ఇల్లు, ఉంటుంది. ఆయన సొంత ఇల్లు కట్టుకుని పోతూ, ఇంత అని తీసుకుని ఇంకొకరికి తాళంచెవి ఇస్తాడు. కంపెనీ రిజిస్టర్‌లో పేరు మాత్రం పాతదే. ఎవరైనా తనిఖీకి వస్తే, లోపల ఉన్నవాడు 'సారు మా బావ' అంటే సరిపోయేది. ఇది రూలు కాదని ఇచ్చినవాడికీ తెలుసు, పుచ్చుకున్నవాడికీ తెలుసు. అయినా ఇద్దరూ స్టాంపు పేపరు మీద ఇంగ్లిషులో పది లైన్లు కొట్టించుకుని, సంతకాలు చేసి, పెట్టెలో దాచుకునేవాళ్లు. ఏళ్ల తరబడి కొట్టిన కాగితం కనుక ఆ పది లైన్లు నాకు కంఠతా వచ్చు.

జూన్ 14 ఆదివారం ఉదయం రాజమల్లు వచ్చాడు. భూగర్భ గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. వెంట రిటైరైన గని సర్వేయరు గారు ఉన్నారు. నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి, ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం.

"టీచరమ్మా, క్వార్టర్ కాయితం తీర్గ ఒకటి కొట్టియ్యుండ్రి" అన్నాడు రాజమల్లు.

"ఏ నంబరు క్వార్టర్?"

"క్వార్టర్ కాదు, పాయింట్లు. సారు దగ్గర కొంటున్న."

"ముప్పై ఏండ్లు చీకట్ల దుంగలు నిలబెట్టిండు" అన్నారు సర్వేయరు గారు. "గిప్పుడన్న భార్యను తీస్కొని కొండలు చూసి రానియ్యుండ్రి."

సంగతి ఇదీ. ఒక రిసార్టు కంపెనీకి కొండల మీద, సముద్రం పక్కన హోటళ్లు ఉన్నాయి. ఒకసారి డబ్బు కట్టి సభ్యుడైతే ఇరవై అయిదేళ్లపాటు ఏటా కొన్ని పాయింట్లు ఇస్తుంది. గదిలో ఒక్కో రాత్రికి ఇన్ని పాయింట్లని లెక్క. మామూలు రోజుల్లో తక్కువ, రద్దీ రోజుల్లో ఎక్కువ. దీన్ని టైమ్‌షేర్ అంటారు. సర్వేయరు గారికి ఏటా 700 పాయింట్లు. మామూలు రోజుల్లో చిన్న గదికి రాత్రికి 100. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఇక తిరగలేరు. మిగిలిన కాలాన్ని రాజమల్లుకు 65,000 రూపాయలకు అమ్ముతున్నారు. ఇలా సభ్యుడి దగ్గర కొనేదాన్ని రీసేల్ అంటారు. ఇంకా పదిహేడేళ్లు ఉందని ఆయన అన్నారు. సర్టిఫికెట్ చూసి లెక్కగట్టాను: 2026 మార్చి 31 వరకు పదహారేళ్ల తొమ్మిది నెలల పదిహేడు రోజులు. అదే కొట్టాను. క్వార్టర్ నంబరు ఉండే చోట మెంబర్‌షిప్ నంబరు పెట్టాను. మిగతా లైన్లు మార్చలేదు. నా కూలి నలభై రూపాయలు.

రాజమల్లు డబ్బు ఇచ్చాడు, సర్వేయరు గారి సభ్యత్వపు ప్లాస్టిక్ కార్డు పుచ్చుకున్నాడు. "పోయే ముందు నాకు చెప్పు, నా పేరు మీద బుక్ చేస్త. ఆడ అడిగితే సారు మా బావ అను" అన్నారు సర్వేయరు గారు. ఆ మాట విని నేనూ నవ్వాను. జరిగిన ప్రతిదాన్నీ తేదీలతో గుర్తుపెట్టుకునే నాకు, ఆ రోజు అడగవలసిన ఒక్క ప్రశ్నా తట్టలేదు.

2010 ఫిబ్రవరి 17న రాజమల్లు, భార్య సమ్మక్క షాపుకు వచ్చారు. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆమె లోపలికి వచ్చి సంచిలోంచి నేను కొట్టిన కాగితం తీసి మిషన్ మీద పెట్టింది.

"గిది నువ్వే కొట్టినవా టీచరమ్మా?"

"నేనే."

"మంచిగ కొట్టినవ్. అంత మంచిగున్నది కాబట్టే ఆ హోటలాయన నమ్మిండు. నమ్మి మమ్ముల బయటికి పొమ్మన్నడు."

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. జరిగింది ఆమే చెప్పింది. పది రోజులు సెలవు పెట్టి ఊటీ వెళ్లారు. సర్వేయరు గారు అయిదు రాత్రులు బుక్ చేశారు. రిసార్టు కౌంటర్ దగ్గర గుర్తింపు కార్డు అడిగారు. రాజమల్లు 'మా బావ' అన్నాడు. అయితే బావగారి ఉత్తరం ఏదని అడిగారు. ఉత్తరం లేదు.

"ఈయనకు అబద్ధం నోట్లె నిలువదు" అంది సమ్మక్క. "ఉత్తరమెందుకు సారూ, మేం కొనుక్కున్నం అని గీ స్టాంపు కాయితం తీసి బల్ల మీద పెట్టిండు. నా దిక్కు చూసి నవ్విండు గూడ, పనైపోయింది అన్నట్టు."

మేనేజర్ కాగితం చదివి పెద్దాఫీసుకు ఫోన్ చేశాడు. సభ్యత్వాన్ని తమకు చెప్పకుండా అమ్మారు కనుక పేరు మారేదాకా నిలిపేస్తున్నామన్నారు. అయిదు రాత్రుల 500 పాయింట్లు పోయాయి. చుట్టంగా వచ్చి ఉత్తరం చూపినా గది ఇచ్చేవాళ్లేమో. నా కాగితమే వాళ్లను గుమ్మం దగ్గర ఆపింది.

"నలుగురు మనుషులు సోఫాల కూసోని మమ్ములనే చూడవట్టిరి. బియ్యం సంచి, మామిడి తొక్కు డబ్బ చేతుల పట్టుకొని దొంగల లెక్క బయటికొచ్చినం. పైసలు పోతె పోనియ్యి టీచరమ్మా. నేను ఆ బల్ల కాడికి మల్ల పోవాలె. గా తాళంచెవి నా చేతుల పెట్టాలె. పెట్టిపిస్తవా?"

గుమ్మం దగ్గర నుంచి రాజమల్లు, "ఊకో, టీచరమ్మ ఏం జేస్తది" అన్నాడు.

"కాయితం కొట్టింది ఆమెనే గద!"

ఆమె అన్నది సబబే. ఫిబ్రవరి 19న రిసార్టు కంపెనీకి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాశాను. మార్చి 11న జవాబు, దానితో ట్రాన్స్‌ఫర్ ఫారం వచ్చాయి. ట్రాన్స్‌ఫర్ అంటే వాళ్ల రిజిస్టర్‌లో పేరు మార్చడం. అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు నోటరీ ముందు సంతకం చేయాలి, అసలు సర్టిఫికెట్ జతచేయాలి, 7,500 రూపాయలు ఫీజు కట్టాలి. చిన్న అక్షరాల్లో ఇంకా ఉంది. పాయింట్లు వాడినా వాడకపోయినా ఏటా ఏప్రిల్‌లో 6,200 కట్టాలి, అది పెరగవచ్చు. రీసేల్‌లో కొన్నవాళ్లకు పాయింట్లను వేరే కంపెనీల హోటళ్లలో వాడుకునే సౌకర్యం ఉండదు. భూతద్దం పెట్టి చదివాను. నిజానికి ఇవన్నీ జూన్ 14న, డబ్బు చేతులు మారకముందు చదవవలసినవి.

రాజమల్లుకు చదివి వినిపించాను. "యేటేట కట్టాల్నా? సారు చెప్పలే గద" అన్నాడు.

"ఫీజు పెరగకున్నా పదహారేండ్లకు తొంభైతొమ్మిది వేల రెండు వందలు" అన్నాను. "నీ సర్వీసు ఇంక రెండేండ్లే ఉన్నది. ఆలోచన చెయ్యి."

అతను భార్య వైపు చూశాడు. ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. తాళంచెవి కావాలని ఫిబ్రవరిలోనే చెప్పేసింది కదా.

మార్చి 14న ముగ్గురం బస్సులో నస్పూర్ వెళ్లాం. సర్వేయరు గారు కుర్చీలు వేయించారు, చాయ్ తెప్పించారు. సంగతి వినగానే మొహం మారింది.

"అంటే నేను మోసగాణ్నా? క్వార్టర్ గిట్లనే ఇస్తలేమా? మీ చేతులతోటి మీరెన్ని కాయితాలు కొట్టలేదు?"

"కొట్టిన సారూ. అందుకే నేను గూడ వచ్చిన."

"యేటా ఫీజు గురించి వేరే చెప్పాల్నా? క్వార్టర్ల ఉన్నోడు కరెంటు బిల్లు కట్టుకోడా?"

సమ్మక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది. "క్వార్టర్ల మీటరు గోడకు కనవడ్తది సారూ. గీ మీటరు ఏడున్నదో మీకొక్కలకే ఎరుక."

ఆయన 65,000 తిరిగి ఇవ్వలేనని, అది ఇంటి స్లాబుకు పోయిందని మెల్లగా చెప్పారు. సంతకం ఎక్కడంటే అక్కడ చేస్తానన్నారు. ట్రాన్స్‌ఫర్ ఫీజు మాటకు మాత్రం, "కొన్నోళ్లే గద కట్టుకోవాలె" అన్నారు.

"అమ్మేటప్పుడు మీరు కంపెనీకి చెప్పలే. కొనేటప్పుడు రాజమల్లు అడగలే. కొట్టేటప్పుడు నేను చదవలే. ముగ్గురి పని ఇది. తలా రెండువేల అయిదు వందలు" అన్నాను.

"మీరెందుకు కడ్తరమ్మా?" అన్నాడు రాజమల్లు కంగారుగా.

"నలభై రూపాయలు తీసుకున్న గద."

సర్వేయరు గారు లోపలికి వెళ్లి డబ్బు తెచ్చి నా చేతికిచ్చారు. లెక్కపెట్టి రసీదు రాసిచ్చాను.

ఫారం నింపేటప్పుడు కొనేవారి పేరు దగ్గర ఆగి రాజమల్లును అడిగాను, ఎవరి పేరు రాయమంటావని. ఇంట్లో ప్రతి కాగితమూ అతని పేరు మీదే ఉంది. "ఆమెది రాయుండ్రి. బల్ల కాడ నిలవడేది ఆమెనే. నాకు మల్ల మా బావ అని నోట్లెకొస్తదేమో" అన్నాడు. సమ్మక్క మొదటిసారి నవ్వింది.

పనిలో పనిగా కంపెనీకి ఇంకో ప్రశ్న రాశాను: వద్దనుకుంటే వదులుకునే దారి ఏది? రాతపూర్వకంగా సరెండర్ చేయవచ్చని, కట్టిన డబ్బు తిరిగి రాదని, ఆ తరువాతి ఏళ్ల ఫీజు తాము అడగబోమని జవాబు ఇచ్చారు. ఆ జవాబు చేతికి వచ్చాకే, 2010 ఏప్రిల్ 5న ఫారం పంపాను. జూన్ 22న సమ్మక్క పేరుతో కార్డు వచ్చింది.

2011 జనవరిలో వాళ్లు మళ్లీ ఊటీ వెళ్లారు. మూడు నెలల ముందే సమ్మక్క పేరు మీద అయిదు రాత్రులకు గది బుక్ చేయించాను. తిరిగి వచ్చిన మర్నాడే ఆమె షాపుకు వచ్చింది.

"ఇచ్చిండ్రా?" అన్నాను. తాళంచెవి అని వేరే చెప్పనక్కరలేదు.

"ఇచ్చిండ్రు. అదే బల్ల, అదే ఆయన. కార్డు చూసి నా పేరు చదివి, రాండ్రమ్మా అన్నడు. నన్ను గుర్తు వట్టలే. నేను గుర్తు వట్టిన."

"ఏమన్న అన్నవా?"

"ఏమంట? తాళంచెవి తీసుకున్న. పట్టుకొని గా సోఫాల జెరసేపు కూసున్న. ఈయన పోదాం పా, పోదాం పా అనుడు. కూసోనియ్యవయ్యా అన్న." మళ్లీ తనే అంది, "గని సైరన్ లేక ఈయనకు రెండు రోజులు నిద్ర వట్టలే. నాకైతే మంచిగ వట్టింది."

ఆ తరువాతి ఏడాది ఆమె అక్కను కూడా తీసుకుని సముద్రం దగ్గర ఏడు రాత్రులు ఉండి వచ్చారు. చదివేవారు లాభమనుకోకూడదు కనుక లెక్క చెబుతాను. 65,000, ట్రాన్స్‌ఫర్ ఫీజులో వాళ్ల వాటా 2,500, ఏటా కట్టే చందా రెండేళ్లకు 12,400, మొత్తం 79,900. ఉన్నది పన్నెండు రాత్రులు. రాత్రికి 6,658 రూపాయలు పడింది. అదే గది నేరుగా అద్దెకు తీసుకుంటే ఎంతని ఫోన్‌లో అడిగాను. 2,800 అన్నారు.

క్వార్టర్ కాగితం ఇద్దరి మధ్యది. ఆ ఇద్దరు తప్ప దాన్ని ఎవరూ చదవరు, అందుకే అన్నాళ్లు చెల్లింది. పాయింట్లు అలాంటివి కావు. గది ఇవ్వవలసింది మూడో మనిషి. ఆ మూడో మనిషి మా షాపులో లేడు, అతని రూలు నేను చదవలేదు, నేను కొట్టిన పది లైన్లలో అతని మాట ఒక్కటీ లేదు. అక్షరం తప్పు లేని కాగితం అంత పెద్ద తప్పు కాగలదని నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. అప్పటి నుంచి మిషన్‌లో కాగితం పెట్టే ముందు ప్రతివాళ్లనూ ఒక మాట అడిగేదాన్ని: దీన్ని రేపు ఎవరికి చూపిస్తావు? కొందరు విసుక్కున్నారు. క్వార్టర్ కాగితాలవాళ్లు చాలామంది పక్క షాపుకు పోయారు. "టీచరమ్మ పోలీసోళ్ల తీర్గ అడుగుతది" అని పేరు వచ్చింది. ఉండనీ అనుకున్నాను.

2012 మార్చి 31న రాజమల్లు రిటైరయ్యాడు. అంతకు వారం ముందు సమ్మక్క ఒక్కతే వచ్చింది. ఏప్రిల్ చందా పడకముందే పాయింట్లు వదులుకుంటున్నట్టు ఉత్తరం కొట్టమంది. చూడవలసినవి చూశామని, ఇక చాలని అంది. కాగితం సర్ది, నా అలవాటు ప్రకారం ఎవరికి చూపిస్తావని అడగబోయాను. ఆమె నన్ను అడగనివ్వలేదు.

"కంపెనీకి ఒకటి, నాకొకటి. కార్బన్ పెట్టు. కొట్టినంక మొదటి నుంచి సదివి ఇనిపియ్యి, గప్పుడు సంతకం వెడ్త. పోస్టు రసీదు గూడ నాకే ఇయ్యాలె."

రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి విన్నాక సంతకం పెట్టింది.