దీపాలవేళ చెత్త

మా నాయనమ్మ నాకు అక్షరాలు నేర్పింది, అంట్లు తోమడం నేర్పింది. రెండింటికీ పొయ్యిలో బూడిదే. పళ్లెంలో బూడిద పరిచి వేలితో దిద్దించేది. దిద్దడం అయ్యాక అదే బూడిదతో గిన్నెలు తోమించేది. చిన్నప్పుడు నా కుడికాలు బాగుండేది కాదు, అందుకని బడికి పంపలేదు. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆవిడ వంటింట్లో వచ్చినవే. ఆ చదువులో పాఠాలకన్నా నియమాలు ఎక్కువ. అన్నిట్లోకీ గట్టిగా చెప్పింది ఒకటుంది: సాయంత్రం దీపం పెట్టాక ఇంట్లోంచి చెత్త బయట పారెయ్యకూడదు. లక్ష్మీదేవి లోపలికి వచ్చే వేళ అది. చెత్త పట్టుకుని ఎదురొస్తే ఆవిడ గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోతుంది.

పెళ్లై, సముద్రాలు దాటి, భూమికి దక్షిణపు కొసనున్న ఈ ఇన్వర్‌కార్గిల్ వచ్చాక కూడా ఆ నియమం తప్పలేదు. ఇక్కడ చలికాలంలో సాయంత్రం అయిదింటికే చీకటి. మావారు ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకుని, ఆ తరవాత కార్ల గరాజ్‌లో పనికి కుదిరారు. ఆయన ఇంటికొచ్చేసరికి నేను దీపం పెట్టేసి ఉంటాను. వంటింట్లో చెత్త సంచి మిగిలిపోయి కనబడితే ఆయనే నవ్వుతారు: "ఏమోయ్, ఆవిడ ఇంకా విమానం దిగలేదేమో, గబుక్కున పడేసి రానా?"

నా పని పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి సాయం చెయ్యడం. స్నానం చేయించడం, టిఫిను పెట్టడం, మందులు చేతికివ్వడం, ఇల్లు తుడవడం. నడక నేర్చుకున్నది ఆలస్యంగానే అయినా, ఈ కాళ్లతోనే రోజుకు నాలుగిళ్లు తిరిగే శక్తి ఇచ్చాడు దేవుడు. ఆ మాట పొద్దున్నే ఒకసారి ఆయనకు చెప్పుకునే బయల్దేరతాను.

ఆ నాలుగిళ్లలో ఒకటి తొంభై ఎనిమిదేళ్ల పెద్దాయనది. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, డునెడిన్‌లో ఉంటుంది. ఆవిడకూ అరవై దాటాయి. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టి పిలవమనే చెప్తారు గాని నాకు నోరు రాదు. అంకుల్ అంటాను. మొదటిరోజు ఆయన అటూ ఇటూ చూసి, "నాకు తెలియకుండా మా అన్నయ్య నిన్ను దాచాడా ఏమిటి?" అన్నాడు. తరవాత అలవాటుపడ్డాడు. నన్ను అమ్మాయ్ అంటాడు.

కిందటి చలికాలం మొదట్లో ఆయన పెరటి మెట్టు మీద జారిపడ్డాడు. ఎముక విరగలేదు, అదే గొప్ప. అప్పటినుంచి వాకర్ పట్టుకునే నడవాలనీ, చీకట్లో బయటికి వెళ్లకూడదనీ డాక్టరు చెప్పాడు. ఆ తరవాత కొద్దివారాలకే ఇంట్లో వాసన మొదలైంది. వెతికితే బట్టలుతికే లాండ్రీ గదిలో, తలుపు వెనక, మూతి కట్టిన చెత్త సంచులు ఎనిమిది. నేను తీసుకెళ్లి బిన్‌లో వేస్తానంటే వద్దన్నాడు.

"నా చెత్త నేను వేసుకుంటాను."

"ఎప్పుడు, అంకుల్?"

"వీలు చూసుకుని."

ఆ వారాంతం కూతురు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ లాండ్రీ తలుపు తీసి, మళ్లీ మూసింది. తరవాత తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, నెలాఖరుకి మళ్లీ వస్తాను. అప్పటికీ ఇల్లు ఇలాగే ఉంటే నిన్ను డునెడిన్ తీసుకెళ్లిపోతాను. మా వీధి చివర పెద్దవాళ్లుండే రెస్ట్‌హోమ్‌లో ఒక గది ఖాళీ ఉంది. నీకోసం ఉంచమన్నాను."

"ఈ ఇంట్లోంచి నన్ను నలుగురు మోసుకెళ్లాలి గాని, నేను నడిచి రాను."

"మొయ్యడానికి ఇద్దరు చాలు. నువ్వు తింటే కదా," అంది ఆవిడ. అని కళ్లు తుడుచుకుంది. కఠినురాలు కాదు. రెండున్నర గంటల దూరంలో కూర్చుని ప్రతి ఫోన్‌కీ ఉలిక్కిపడే మనిషి.

నేను చేసిన తప్పు ఆ తరవాతి సోమవారం జరిగింది. మంగళవారం పొద్దున్న మున్సిపాలిటీ లారీ వచ్చి ఎర్ర మూత బిన్‌లు ఖాళీ చేస్తుంది. సోమవారం పొద్దున్న ఆయన కుర్చీలో కునుకుతుంటే, ఇదే మంచి సమయమని, ఒక సంచి తీసుకెళ్లి బిన్‌లో పడేశాను. తెలివైన పని చేశాననే అనుకున్నాను. లోపలికొచ్చి వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. వెనక్కి చూస్తే కుర్చీ ఖాళీ.

ఆయన గేటు దగ్గర ఉన్నాడు. చెప్పులు లేవు, మేజోళ్లతోనే. పక్కన వాకర్ పడిపోయి ఉంది. గడ్డి మీద మంచు ఇంకా తెల్లగా ఉంది. బిన్‌లోంచి ఆ సంచి ఎలా తీశాడో, గట్టు మీద కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుని వణుకుతున్నాడు.

"పగటిపూట కాదు," అన్నాడు. "అమ్మాయ్, పగటిపూట కాదు."

లోపలికి తీసుకొచ్చి, కాళ్లకు దుప్పటి చుట్టి, హీటర్ దగ్గర కూర్చోబెట్టాను. ఏదో ఒకటి మాట్లాడాలని మా నాయనమ్మ నియమం చెప్పాను. దీపాలవేళ దాటితే మేం చెత్త బయట పెట్టం, అలా పెడితే సిరి వెళ్లిపోతుందని మా నమ్మకం అన్నాను.

ఆయన దుప్పట్లోంచి నావైపు చూశాడు. "నువ్వు చీకటి పడ్డాక పారెయ్యవు. నేను పగలు పారెయ్యను. మనిద్దరం ఒకే ఇంట్లో ఉంటే చెత్త ఎప్పటికి బయటికి పోతుంది?"

ఇద్దరం నవ్వాం. నవ్వాక ఆయన చెప్పాడు.

యుద్ధం రోజుల్లో, పదహారేళ్లకు, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న బ్లఫ్ రేవులో సరుకు ఓడ ఎక్కాడట. గొర్రె మాంసం వేసుకుని పనామా కాలువ దాటి, కెనడాలో హాలిఫాక్స్ రేవుకు చేరారు. అక్కణ్ణించి అట్లాంటిక్ మీదుగా ఇంగ్లండ్‌కి.

"ఒంటరిగా వెళ్తే జర్మన్ సబ్‌మెరైన్లు ముంచేస్తాయి. అందుకని అందరం గుంపుగా. యాభై, అరవై ఓడలు, వరసల్లో. చుట్టూ కాపలాకి నేవీ ఓడలు. అందరికన్నా నెమ్మదైన ఓడ ఎంత వేగంతో నడిస్తే గుంపంతా అంతే వేగం. నా పని వంటగదిలో. బంగాళాదుంపలు చెక్కడం. తొక్కలు, ఎముకలు, ఖాళీ డబ్బాలు, ఏవీ పగలు సముద్రంలో వెయ్యకూడదు. నీళ్లమీద తేలుతూ మేం వెళ్లిన దారి చూపిస్తాయి. అన్నీ పీపాల్లో దాచి చీకటి పడ్డాక, ఒక్క దీపం కూడా బయటికి కనబడకుండా, వెయ్యాలి. తెల్లారి ఎవరైనా చూసేసరికి మేం చాలా దూరం వెళ్లిపోయి ఉంటాం."

టీ కలిపి చేతికిచ్చాను. తాగలేదు, కప్పును రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఒకరోజు పీపా నిండిపోయింది. ఒక్క బకెట్ నీళ్లలో వేశాను. మధ్యాహ్నం. ఎవరూ చూడలేదు. మర్నాడు మా వెనక ఒక ఓడ ఇంజను చెడి గుంపులోంచి వెనకపడింది. కనుచూపు దాటకముందే పొగ కనబడింది."

"మీరు ఆగలేదా?"

"ఆగకూడదు. ఆగితే రెండోది పోతుంది."

"ఆ తొక్కల వల్లే అయ్యుంటుందా, అంకుల్?"

"అయ్యుండదు. వాళ్లు కనిపెట్టడానికి వంద దారులున్నాయి. అయ్యుండదనే అనుకుంటాను." కప్పులోకి చూస్తూ అన్నాడు: "అనుకోవడం మొదలుపెట్టి ఎనభై ఏళ్లు దాటింది. మా ఆవిడకి చెప్పలేదు. పిల్లకీ చెప్పకు."

నాకు చాలా శ్లోకాలు వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. కప్పు చల్లారిపోతే తీసుకెళ్లి మళ్లీ వేడిచేసి తెచ్చాను. నాకు తోచింది అదొక్కటే.

ఇంటికి వెళ్తూ దారంతా ఆలోచించాను. సంచులు బయటికి పోవాలి, లేకపోతే ఆయన ఆ ఇంట్లో ఉండడు. అవి చీకటి పడ్డాకే పోవాలి, లేకపోతే ఆయన పోనివ్వడు. చీకటి పడ్డాక వెయ్యగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు. నవ్వేవాళ్లు నవ్వచ్చు గాని, నాకు అది చిన్న విషయం కాదు.

దేవుడి దయవల్ల నాయనమ్మే గుర్తొచ్చింది. తాతయ్య మంచాన పడ్డ రోజుల్లో ఒక సాయంత్రం, దీపం పెట్టాక, ఆవిడ మూత పెట్టిన గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లడం చూశాను. నియమం చెప్పినావిడే తప్పుతోందని పట్టేసుకున్నాను.

"లక్ష్మీదేవి వెళ్లిపోదూ?"

"రోగిష్టి మనిషున్న ఇంటి ముందు ఆవిడే పక్కకి తప్పుకుని దారిస్తుందే, పిచ్చిమొహమా. తలుపు తియ్యి."

అలా మొదలుపెట్టాను. సోమవారాలు నా పనంతా అయ్యాక, ఇంటికి వెళ్లే ముందు, సాయంత్రం అయిదుంపావుకి పెద్దాయన పెరటి తలుపు తట్టేదాన్ని. లైటు వెయ్యనిచ్చేవాడు కాదు. ఫోనులో టార్చి కూడా. వంటింటి దీపం ఆర్పి, కిటికీ దగ్గర వాకర్ పట్టుకుని నిలబడేవాడు. నేను తడుముకుంటూ మెట్టు దిగి, సంచులు బిన్‌లో వేసి, బిన్ గేటు బయట పెట్టి వచ్చేదాన్ని. బిన్‌లో వారానికి మూడు సంచులే పట్టేవి, మిగిలినవి అలాగే ఉండేవి. నేను లోపలికి రాగానే "అంతా నిశ్శబ్దమేనా?" అని అడిగేవాడు. "నిశ్శబ్దమే," అనేదాన్ని. అప్పుడు దీపం వేసేవాడు.

సోమవారాలు మా ఇంట్లో దీపం ఆలస్యమైంది. మావారు గమనించారు. "లక్ష్మీదేవికి కూడా ఓవర్‌టైమ్ పెట్టావా?" అన్నారు. విషయం చెప్పలేదు, పెద్దాయన సొంత కూతురికే చెప్పొద్దన్నాడు కదా. పెద్దాయనకి సాయం అని మాత్రం అన్నాను. ఆ తరవాత సోమవారాలు నేను వచ్చేసరికి ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి ఉండేది. ఎందుకని అడగని భర్తను ఇచ్చినందుకు ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో నాకు తెలుసు.

మూడో సోమవారం ఆఖరి సంచులు. రెండు చేతుల్లో రెండు పట్టుకుని మెట్టు దిగుతున్నాను. వీధిలోంచి కారు తిరిగింది. ఆ లైట్లు నా మొహం మీద, సంచుల మీద, బిన్ మీద పడ్డాయి. కూతురు. చెప్పిన రోజుకన్నా ముందే వచ్చేసింది.

"ఎవరది? ... నువ్వా? ఈ చీకట్లో ఏం చేస్తున్నావు? పడి కాలు విరగ్గొట్టుకుంటావు!"

నిజం చెప్పకూడదు, అబద్ధం చెప్పలేను.

కిటికీ తెరుచుకుంది. "ఆ లైట్లు ఆర్పెయ్!" ఆ గొంతు తొంభై ఎనిమిదేళ్లవాడిదిలా లేదు.

ఆవిడ లైట్లు ఆర్పింది. చీకట్లో కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. నా దగ్గరికొచ్చి ఒక సంచి అందుకుంది.

"చీకటి పడ్డాకే," అంది నెమ్మదిగా. "మా చిన్నప్పుడూ అంతే. అమ్మ పగలు వెయ్యబోతే కేకలేసేవాడు. అన్ని ఇళ్లలోనూ అలాగే చేస్తారనుకునేదాన్ని. పెళ్లయ్యాక మా ఆయన పొద్దున్నే చెత్త పట్టుకెళ్తుంటే చేతిలోంచి లాక్కున్నాను." ఆవిడ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఎందుకో నీకు చెప్పాడా?"

"ఆయన్నే అడగండి," అన్నాను.

ఇద్దరం బిన్ దొర్లించుకుంటూ గేటుదాకా వెళ్తుంటే వెనక వాకర్ చప్పుడు. పెద్దాయన మెట్టు దిగి వస్తున్నాడు. ఈసారి చెప్పులు వేసుకున్నాడు. లోపలికి వెళ్లమని ఇద్దరిలో ఎవరమూ అనలేదు. ఆయన మా దగ్గరికి చేరేదాకా ఆగి, అప్పుడు మళ్లీ కదిలాం.

లోపలికొచ్చాక కూతురు లాండ్రీ తలుపు తీసింది. ఖాళీగా ఉంది, ఫినాయిల్ వేసి కడిగిన వాసన. నేను కోటు వేసుకుని బయల్దేరాను. వాళ్లు ఆ సాయంత్రం ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. మర్నాడు ఆవిడ రెస్ట్‌హోమ్‌కి ఫోన్ చేసి గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పింది. మా ఆఫీసుకి ఫోన్ చేసి సోమవారం నా పని సాయంత్రానికి మార్పించింది. పెద్దాయన ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు.

వెనకపడి మునిగిపోయిన ఆ ఓడ పేరు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అందులో ఎంతమంది ఉన్నారో, ఏ ఊళ్లవాళ్లో, వాళ్ల దేవుళ్లెవరో తెలియదు. సోమవారాలు మా ఇంట్లో ప్రమిదలో ఒక వత్తి ఎక్కువ వేస్తాను. వెలిగించే ముందు కిటికీ తెర మాత్రం దించుతాను.