చవక ప్లాస్టిక్

ప్లాస్టిక్ వస్తువు కనబడితే లింబాద్రన్న వంచి చూడకుండా వదలడు. వంచుతాడు, గోటితో గీకుతాడు, వాసన చూస్తాడు, ఆపైన తీర్పు చెబుతాడు. ఈ రోగం వల్ల ఊళ్లో నాశనమైంది నేనొక్కణ్నే. ఎల్లారెడ్డిలో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం నాది.

బకెట్ కొనడానికి వచ్చిన మనిషి చేతిలోంచి దాన్ని లాక్కుని, అంచు నొక్కి, "చవక ప్లాస్టిక్" అనేవాడు. అంతే, బేరం మట్టిలో కలిసేది. చావు ఇంటికి పలకరింపుకు వెళ్లి, అక్కడి కుర్చీ కాలు వంచి చూసిన మనిషికి నేనేం చెప్పను?

ఈ పిచ్చి దుబాయిలో అంటుకుంది. అక్కడ ఆయన ఒక పార్కు ఊడ్చేవాడు. అందులో తెల్లవాళ్లు పళ్లెం లాంటి బిళ్లలను గొలుసుల బుట్టలోకి విసిరి ఆడేవారు. డిస్క్ గోల్ఫ్ అంటారట. దేశం వదిలి వెళ్లేవాళ్లు తమ బిళ్లలు ఈయనకే ఇచ్చేసేవారు. అందరూ బంగారం తెచ్చుకుంటే ఈయన సంచెడు బిళ్లలు తెచ్చాడు. భార్య రుక్మాబాయి వాటిలో మెరిసేదాన్ని పెరుగు గిన్నె మీద మూత పెట్టింది. అది గట్టి ప్లాస్టిక్, రాయికి తగిలినా గాల్లో దాని నడక మారదని ఈయన మొత్తుకుంటే, మూతకు నడకెందుకని ఆమె అడిగింది.

దుబాయిలో ఆయన గదిలోనే ఉండేవాడు సిద్దిరాములు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోతే ఇంటికి పంపేశారు. మొన్నటి వానాకాలంలో ప్రాణం తీసుకోబోతే కామారెడ్డి ఆస్పత్రిలో బతికించారు. బతికాడే గానీ మాట మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. భార్య గంగామణి గడపలో కూర్చుని బీడీలు చుట్టేది, కళ్లు మాత్రం ఆయన మీదే. వీధి చివర నల్లా దాకా వెళ్లాలన్నా ఆమెకు భయం.

అలాంటి రోజుల్లో లింబాద్రన్న నా దుకాణం వెనక బండకేసి ఒక నారింజ రంగు బిళ్లను కొట్టడం మొదలుపెట్టాడు. రోజూ అదే మోత. ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు వెళ్లి, దోస్తు గతి అట్లుంటే ఈ ఆటలేందని నిలదీశాను.

ఆయన బిళ్ల వంచి చూపించాడు. "కొత్తది మొండిగుంటది తమ్మీ. జోరుగ ఇసరకపోతే పక్కకు పడిపోతది. అరిగినంక జర ఇసిరినా సక్కగ పోతది. సిద్దిరాములుకు ఉన్నది ఎడమ చెయ్యే గద."

మరి మెరిసేది అరగదీయవచ్చు కదా అన్నాను.

"గట్టిది అరగాల్నంటే ఏండ్లు పడతది. వాడు గన్ని రోజులు ఆగుతడో లేదో. చవకదే జల్ది అరుగుతది. చేతికి పట్టు గూడ దొరుకుతది."



మర్నాడు సిద్దిరాములు వాకిట్లో గొలుసుల బుట్టకు బదులు నా దుకాణం టబ్బు ఒకటి పెట్టాం. చాలాకాలం ఎండలో నిలిచిపోయిన సరుకు. గంగామణి భర్తను లేపి కూర్చోబెట్టింది. ఒళ్లంతా గీతలు పడ్డ బిళ్లను లింబాద్రన్న ఆయన ఎడమచేతిలో పెట్టాడు. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. గంగామణి చేతిలో బీడీ ఆగిపోయింది. చివరికి విసిరాడు. బిళ్ల నిదానంగా, సూటిగా వెళ్లి టబ్బుకు తగిలింది. టబ్బు అంచు విరిగి పడింది.

సిద్దిరాములు విరిగిన ముక్కను చూశాడు, నన్ను చూశాడు.

"చవక ప్లాస్టిక్" అన్నాడు.

లింబాద్రన్న ఆ ముక్క తీసి, వంచి, వాసన చూసి, నిజమేనన్నట్టు తలూపాడు.

"తమ్మీ, రేపు గట్టిది తే" అన్నాడు సిద్దిరాములు.

రేపు అన్నాడు. గంగామణి ఆ మాట విని, లేచి, బిందె తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లింది.

తెల్లారి దుకాణంలో టబ్బులన్నీ వంచి, వాసన చూస్తున్న నన్ను చూసి, వచ్చిన గిరాకీ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.