రూటా నవ్విందా?

మా ఆవిడ పేరు మరేవా. మా దీవి బేషోలో ఎవరింట పెళ్లి జరిగినా, ఏ పసివాడికి మొదటి పుట్టినరోజు వచ్చినా, దాని వీడియో మా ఇంట్లోని ప్లైవుడ్ గదిలోంచే బయటికి రావాలి. నేను వయసులో ఉన్నంతకాలం పరాయి దేశపు సరుకు ఓడల్లో ఇంజను దగ్గర పనిచేశాను. ఇప్పుడు ఆమె కెమెరా స్టాండు మోస్తున్నాను. ఇది ఎదగడమో దిగజారడమో నన్నడక్కండి.

ఆమెకు ఈ విద్య నేర్పిన గురువెవరూ లేరు. చర్చి ఆఫీసులో టైపు చేసే రోజుల్లో ఎవరో ఊరు వదిలి వెళ్తూ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ ఒకటి చేతికొచ్చింది. ఇంటర్నెట్ దయ తలచిన రోజున పాఠాలు చూసి, తలచని రోజున కనపడిన బటనల్లా నొక్కి నేర్చుకుంది. అడుగున గాలి ఆడకపోతే అది వేడెక్కి ఆగిపోతుందని ఖాళీ చేపల డబ్బాల మీద పెట్టి పనిచేస్తుంది. ఉప్పుగాలికి ఫ్యాను తుప్పుపడుతుంది, కరెంటు పోతే చేసిన పనీ దాంతోపాటే పోతుంది. అయినా ఆమె ఆ పెట్టె మీద విసుక్కోవడం నేను చూడలేదు. ఉన్న విసుగంతా నా మీదే ఖర్చు పెడుతుంది, ఇక పెట్టెకేం మిగులుతుంది?

ఈ ఏడు స్వాతంత్ర్య దినాన మా దీవి నాట్యానికి, మేం ఆట అనేదానికి, పోటీలు జరిగాయి. పిల్లలకు ఆట నేర్పే తెబోరా అవ్వ బృందం ఆడింది, కానీ కాలి పుండు మానక అవ్వ రాలేకపోయింది. ముందు వరస నడుమన ఆవిడ మనవరాలు రూటా నిలబడింది. ఆ ఇంటి ఆట ఆ ఇంటివాళ్లకే వచ్చు. తల్లి నుంచి కూతురికి, అవ్వ నుంచి మనవరాలికి చేతులు మారుతూ వచ్చిన ఆట అది. సరిగ్గా రూటా వాళ్ల వంతు వచ్చేసరికి కెమెరా బ్యాటరీ చచ్చింది. మరేవా నా జేబులోంచి ఫోన్ లాక్కుని, ఆ ఆటంతా దాంతోనే తీసింది. తర్వాత అన్నీ కలిపి వీడియో చేసి అవ్వకు పంపించింది.

రెండ్రోజుల తర్వాత రూటా మా గడపలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్లు వాచాయి.

"అత్తా, ఆ వీడియో ఒకసారి చూపిస్తావా?"

"ఏమైందే?"

"అవ్వ నన్ను ముందు వరసలోంచి తీసేసింది. కొత్త సభామందిరం తెరిచే రోజున నా చోట్లో ఇంకో పిల్లని నిలబెడుతుందంట. నేను ఆడుతూ ఆడుతూ నవ్వానంట."

మా దగ్గర ఆటలో ఏడవొచ్చు, కేక పెట్టొచ్చు, ఒళ్లు తెలియకుండా పడిపోనూ వచ్చు. నవ్వకూడదు. నవ్విన పిల్ల పరువే కాదు, నేర్పిన ఇంటి పరువు కూడా పోతుంది.

"నువ్వు నవ్వావా?" మరేవా సూటిగా అడిగింది.

"లేదనే అవ్వకు చెప్పాను. కానీ వీడియోలో ఉందిగా అత్తా. ఆ రోజు నాకు లోపల చాలా సంతోషంగా ఉండింది. అదే తెలీకుండా బయటికొచ్చేసిందేమో."

తన ముఖం మీద తనకే నమ్మకం పోయిందంటే ఆ పిల్ల ఎంత నలిగి ఉండాలి!

మరేవా వీడియో పెట్టింది. చేతులు చాపి, కొంగలా మెడ నిలిపి, రూటా తల ఒక్కసారిగా పక్కకు తిప్పింది. సరిగ్గా అక్కడే పెదవులు సాగి పళ్లు మెరిశాయి. నవ్వే. నేను కూడా చూశాను.

"ఉందిగా. ఇక దీన్ని తవ్వి ఏం లాభం?" అన్నాను మెల్లగా. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకు దురదగానే ఉంది. ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. నీ కళ్లకే కనపడట్లేదు," అంది మరేవా. "వెళ్లి అన్నం వండు."

వండాను మరి, ఏం చేస్తాను. అవతల ఆమె తనలో తనే మాట్లాడుకుంటూ పనిలో పడింది. అవ్వ వాళ్ల ఫోన్లో పట్టాలని వీడియోని బాగా పిండి చిన్నది చేసి పంపిందట. అలా పిండితే ముఖం గళ్లు గళ్లుగా చెదిరి, లేని నవ్వు కూడా కనిపించవచ్చట. అందుకని ఈసారి నాణ్యత పెంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసింది. అన్నం ఉడికింది, చేప వేగింది, అప్పటికి గాని వీడియో తయారవలేదు. ముగ్గురం ముందుకు వంగి చూశాం. గళ్లు పోయాయి. నవ్వు మాత్రం ఇంకా స్పష్టంగా కనిపించింది!

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రూటా ముఖం పక్కకు తిప్పేసుకుంది.

మరేవా వదల్లేదు. నా ఫోన్లో తీసిన అసలు వీడియో తెరిచి, ఒక్కొక్క బొమ్మే జరుపుతూ పోయింది.

"ఇటు చూడండి. ఇక్కడ పాడుతూ నోరు తెరిచింది. పక్క బొమ్మలో మూసేసింది. మరి నవ్వు ఏదీ?"

నిజంగానే ఎక్కడా లేదు. ముందుకూ వెనక్కూ జరిపి చూశాం. తెరిచిన నోరుంది, మూసిన నోరుంది, నవ్విన నోరు లేదు. తయారైన వీడియోలో మాత్రం ఆ చోట తలకు నీడలా ఇంకో తల, నోటి మీద ఇంకో నోరు ఉన్నాయి. రెండూ కలిసి ఒక నవ్వయ్యాయి.

"దొరికింది దొంగ!" అని మరేవా బల్ల మీద చరిచింది. చేపల డబ్బాలు ఎగిరిపడ్డాయి. "నీ ఫోన్ సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తుంది. నా కెమెరా ఇరవై అయిదే తీస్తుంది. నేను ప్రాజెక్టు కెమెరా లెక్కకు పెట్టుకున్నాను. ముప్పై మందిని ఇరవై అయిదు సీట్ల బస్సు ఎక్కించినట్టయింది. కదలిక మెత్తగా వస్తుందని కలిపే ఆప్షనొకటి పెట్టాను కదా, అది ఒకళ్ల ఒళ్లో ఒకళ్లని కూర్చోబెట్టేసింది."

"మరైతే మిగిలినవాళ్లని బస్సు దింపెయ్," అన్నాను.

దింపి చూసింది. నవ్వు పోయింది. కానీ దిగిపోయినవాళ్లలో తల తిప్పే బొమ్మ కూడా ఉంది కాబోలు, అక్కడ రూటా మెడ టక్కున గెంతింది. మా ఆటకు ప్రాణమంతా ఆ మెడ విరుపులోనే ఉంది.

"దీన్ని తీసుకెళ్తే అవ్వ ఏమంటుందో తెలుసా అత్తా?" రూటా మొదటిసారి కాస్త గొంతు విప్పింది. "నవ్వు తీసేసి నత్తి పెట్టారా అంటుంది."

మరేవా ఆ ప్రాజెక్టు మూసేసి, ఒక్క రూటా ఆట కోసమే ఇంకొకటి తెరిచింది. ముప్పైకి ముప్పై పెట్టింది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కూడా ముప్పైయే ఉందా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఈసారి తల తిరిగి, తిరిగిన చోట కొయ్యలా ఆగింది. పెదవులు పాట కోసం తెరుచుకుని పాటతోపాటే మూసుకున్నాయి.

"నేను నవ్వలేదు," అంది రూటా. మాతో కాదు, తనతోనే అనుకుంది.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం మినీబస్సెక్కాం. ల్యాప్‌టాప్‌ని పసిబిడ్డలా నా ఒళ్లో పెట్టారు. తెబోరా అవ్వ మొగలాకు కప్పిన మంచె మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. రూటా మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"మళ్లీ తెచ్చావా ఆ దరిద్రాన్ని?" అంది అవ్వ, ల్యాప్‌టాప్ చూసి.

"అవ్వా, తప్పు పిల్లది కాదు, నాది. ఫోనేమో సెకనుకు ముప్పై బొమ్మలు..."

"లెక్కలు బళ్లో చెప్పుకో. ఆడించు."

ఆడించింది. అవ్వ కళ్లు చిన్నవి చేసుకుని చూసింది. రూటా తల తిరిగినప్పుడు అవ్వ మెడ కూడా తిరిగింది, ఆవిడకే తెలియకుండా. "మళ్లీ ఆడించు," అంది. ఆడించాక ఇంకోసారి అంది. అప్పుడు మరేవా తెరిచిన నోటి బొమ్మా, మూసిన నోటి బొమ్మా, ఆ రెండూ కలిసిపోయిన బొమ్మా వరసగా చూపించింది. అవ్వ తెర మీద వేలు ఆనించింది.

"ఈ రెండు ముఖాలు కలిపి ఒకటి చేసిందా నీ పెట్టె?"

"అవునవ్వా. నేను సరిగ్గా పెట్టకపోతే అలాగే చేస్తుంది."

అవ్వ తెర మీంచి వేలు తీసేసింది. కోపమో, సిగ్గో నాకు అర్థం కాలేదు. ఆవిడ ఎవరికీ తలవంచిన మనిషి కాదు. ఇప్పుడు ఏదో ఒకటి అని పిల్లని మళ్లీ బాధపెడుతుందేమోనని భయపడ్డాను.

"రూటా, ఇలా రా."

పిల్ల వచ్చి చాప అంచున కూర్చుంది.

"నవ్వలేదని నాతో చెప్పావు కదే నువ్వు."

"చెప్పానవ్వా."

"పెట్టెని నమ్మాను. ఈ చేతుల్తో పెంచినదాన్ని నమ్మలేదు," అంది అవ్వ. "నీ తల్లి బతికుంటే నన్ను కడిగేసి ఉండేది."

"నన్ను నేనే నమ్మలేదవ్వా," అంది రూటా.

అది విని అవ్వ పిల్లని దగ్గరకు లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. మరేవా ల్యాప్‌టాప్ వైపు చూస్తూ కూర్చుంది గాని ఆమెకు తెర కనిపిస్తోందనుకోను. నాకైతే కనిపించలేదు.

ముందు అవ్వే తేరుకుంది. కళ్లు తుడుచుకుని, చేతికర్ర అందుకుంది.

"లే. ముందు వరసలో నిలబడాలి నువ్వు. కుడి మోచెయ్యి జారింది. అది మాత్రం పెట్టె తప్పు కాదు."

రూటా లేచి నిలబడి చేతులు చాపింది. అవ్వ ఆ మోచెయ్యిని కర్రతో బెత్తెడు పైకెత్తి, కూర్చున్న చోటు నుంచే పాట అందుకుంది.